బ్లూస్ వినడం ఎక్కడ మొదలుపెట్టాలి: చెస్సా, అట్లాంటిక్కా, స్టాక్సా, వీజేనా?

"బ్లూస్ వినాలనుంది, ఎవరితో మొదలుపెట్టమంటారు?" అని అడిగినవాళ్లకు నేను కొంతకాలంగా గాయకుల పేర్లు చెప్పడం లేదు, రికార్డు కంపెనీ పేరు చెబుతున్నాను. 1940ల చివరి నుంచి 1960ల చివరిదాకా అమెరికాలో నల్లజాతివాళ్ల ఈ పాటలను రికార్డు చేసి అమ్మినవి ఎక్కువగా చిన్న కంపెనీలే. ఒక్కో కంపెనీ ఒక్కో ఊళ్లో, ఒక గదిలో, దాదాపు రోజూ అదే జట్టుతో పని చేసేది, అద్దం వెనక కూర్చుని "కుదరలేదు, మళ్లీ వాయించండి" అనే మనిషి కూడా ఏళ్ల తరబడి ఒకరే. అందువల్ల పాడేది ఎవరైనా, రెండు నిమిషాలు వినగానే ఇది ఫలానా కంపెనీది అని గుర్తుపట్టేంత తేడా ఉంటుంది. గాయకుణ్ని పట్టుకుంటే ఒక్కరి దగ్గర ఆగిపోతారు. మీ చెవికి నచ్చిన కంపెనీని పట్టుకున్నారంటే పదిమంది గాయకులు ఒకరి వెనక ఒకరు మీ ఇంటికి వస్తారు.

కంపెనీలు చాలా ఉన్నాయి గానీ కొత్తగా వినేవాళ్లకు నేను నాలుగిటినే పోల్చి చెబుతాను: చెస్, అట్లాంటిక్, స్టాక్స్, వీజే. సిన్సినాటీలోని కింగ్, హ్యూస్టన్‌లోని డ్యూక్-పీకాక్, లాస్ ఏంజెలెస్‌లోని స్పెషాల్టీ, ఇవి కూడా గొప్పవే, కానీ అవి రెండో ఏడాది పని.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. కరెంటు గిటార్, మౌత్ ఆర్గాన్, కాస్త గరుకు గొంతు, ఇవి కావాలంటే చెస్. గొంతు అందం, శుభ్రమైన రికార్డింగ్, బాజాల బృందం కావాలంటే అట్లాంటిక్. కాలు ఆగకుండా ఆడాలంటే స్టాక్స్. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి ఏమీ ఆలోచించకుండా వినాలంటే వీజే. ఏదీ తేల్చుకోలేకపోతే చెస్‌తో మొదలుపెట్టండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ నాలుగిటిలో నేను ఎక్కువ కాలం గడిపింది దానితోనే.

చెస్, చికాగో

లెనార్డ్, ఫిల్ అని ఇద్దరు అన్నదమ్ములు. పోలాండ్‌లోని మోటల్ అనే చిన్న ఊరి యూదు కుటుంబం (ఆ ఊరు ఇప్పుడు బెలారుస్‌లో ఉంది), 1928లో చికాగోకి వచ్చారు. పెద్దయ్యాక నల్లజాతివాళ్లు ఉండే సౌత్ సైడ్‌లో మద్యం వ్యాపారంలోకి దిగి, తర్వాత మకాంబా లౌంజ్ అని ఒక క్లబ్ నడిపారు. రాత్రంతా అక్కడ వాయించేవాళ్లను చూసి, వీళ్ల పాటలు జనానికి కావాలి, కానీ వీటిని సరిగ్గా రికార్డు చేసేవాళ్లు లేరు అని లెనార్డ్‌కి అర్థమైంది. 1947లో అరిస్టోక్రాట్ అనే కొత్త కంపెనీలో చేరాడు, మెల్లగా దాన్ని తన చేతిలోకి తెచ్చుకున్నాడు, 1950లో తమ్ముడితో కలిసి దాని పేరు చెస్ అని మార్చాడు.

ఇక్కడ ఒక సంగతి తెలిస్తే పాటలు వేరుగా వినిపిస్తాయి. ఆ రోజుల్లో మిసిసిపీ పత్తి పొలాల నుంచి లక్షల మంది నల్లజాతివాళ్లు రైలెక్కి ఉత్తరాది నగరాలకు వస్తున్నారు. మడ్డీ వాటర్స్ అలా వచ్చినవాడే. 1941లో స్టోవాల్ తోటలో కూలిగా ఉన్నప్పుడు జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ వచ్చి అతని పాటలు రికార్డు చేసుకెళ్లాడు. 1943లో మడ్డీ చికాగో చేరాడు. ఊళ్లో వాయించిన మామూలు గిటార్ ఇక్కడి క్లబ్బుల గోలలో ఎవరికీ వినపడదు, అందుకని ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. 1948లో అరిస్టోక్రాట్ కోసం ఒక గిటారు, పక్కన ఒక బాస్, అంతే, ఇద్దరే కూర్చుని "ఐ కాంట్ బీ శాటిస్‌ఫైడ్" చేశారు. విడుదలైన వారాంతంలోనే మొదట అచ్చువేసిన ప్లేట్లు అయిపోయాయి. లెనార్డ్‌కి మొదట అందులో ఏముందో అర్థం కాలేదట. కొన్నవాళ్లకు మాత్రం బాగా అర్థమైంది, అది వాళ్లు వదిలి వచ్చిన ఊరి పాట, వాళ్లు చేరిన నగరం శబ్దంతో.

చెస్ అంటే నాకు ఈ కలయికే. పల్లె పాటకి కరెంటు తగిలింది. మిగతా మూడు కంపెనీల్లో ఇది ఇంత సూటిగా దొరకదు.

1952లో లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్‌ని, మైకుని రెండు చేతుల మధ్య గట్టిగా మూసిపట్టి, దాన్ని యాంప్లిఫయర్‌లోకి పంపి "జూక్" వాయించాడు. అతని వయసప్పుడు ఇరవై రెండు. ఆ శబ్దం మౌత్ ఆర్గాన్‌లా ఉండదు, శాక్సఫోన్‌కీ మనిషి మూలుగుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. నల్లజాతివాళ్ల పాటల ఆదరణని లెక్కించే రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అందులో మాటలే లేవు కాబట్టి, ఆ యాస అర్థం కాదేమో అని వెనకాడే మనవాళ్లందరికీ నేను మొదట ఇదే వినిపిస్తాను.

హౌలిన్ వుల్ఫ్ సంగతి వేరు. అసలు పేరు చెస్టర్ బర్నెట్, భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలో 1951లో చేసిన పాటలు చెస్ ద్వారా వచ్చాయి, తర్వాత అతనే చికాగోకి వచ్చేశాడు. 1956 నాటి "స్మోక్‌స్టాక్ లైట్నింగ్" అంతా దాదాపు ఒకే స్వరం చుట్టూ తిరుగుతుంది, మధ్యలో గొంతు ఒక్కసారి పైకి ఎగిరి తోడేలు ఊళలా సాగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు భయంలాంటిదేదో కలిగింది. ఇప్పటికీ రాత్రిపూట లైట్లు ఆపేసి వినాలనిపించే పాట అదే.

మడ్డీకీ, వుల్ఫ్‌కీ పాటలు రాసిపెట్టిన మనిషి విల్లీ డిక్సన్. బాస్ వాయించేవాడు, పాటలు రాసేవాడు, ఎవరికి ఏ పాట అతుకుతుందో చూసేవాడు. 1954లో మడ్డీకి "హూచీ కూచీ మ్యాన్" ఇచ్చాడు. ఆ పాటలో బృందమంతా ఒక్క దెబ్బ కొట్టి ఆగుతుంది, మడ్డీ ఒక మాట అంటాడు, మళ్లీ దెబ్బ. ఆ ఆగడంలోనే బిగువంతా ఉంది. మరుసటి ఏడాది చక్ బెర్రీ వచ్చాడు, లెనార్డ్ దగ్గరికి వెళ్లమని అతనికి చెప్పింది మడ్డీయే. "మేబెలీన్" తెల్లజాతి కుర్రకారుని కూడా పట్టేసింది. అదే ఏడాది బో డిడ్లీ. అంటే మీరు రాక్ సంగీతం వినే మనిషైతే, దాని సగం వేళ్లు ఈ ఒక్క కంపెనీ అలమారలోనే ఉన్నాయి. 1957 నుంచి వాళ్లు ఉన్న 2120 సౌత్ మిషిగన్ అవెన్యూ మేడకి 1964లో రోలింగ్ స్టోన్స్ బృందం ఇంగ్లండ్ నుంచి వచ్చి మరీ రికార్డు చేసుకుని, ఆ చిరునామానే ఒక వాద్య రచనకి పేరుగా పెట్టింది. వాళ్ల బృందం పేరే మడ్డీ 1950 పాట నుంచి తీసుకున్నది. 1977లో వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులో చక్ బెర్రీ పాట "జానీ బి. గుడ్" ఉంది. మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా అదే రికార్డులో ఉంది. చెస్ గదిలో పుట్టిన పాటా, మన హిందుస్తానీ పాటా పక్కపక్కన సౌర మండలం దాటి వెళ్తున్నాయన్న సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చెస్‌లో మంచిది మాత్రమే చెప్పి ఊరుకోను. పాటల ప్రచురణ హక్కులు ఆర్క్ మ్యూజిక్ అనే సంస్థ దగ్గర ఉండేవి, అందులో చెస్ సోదరులు భాగస్వాములు. పాట రాసినవాడికి రావలసిన డబ్బు ఎటు పోతోందో రాసినవాడికే తెలియదు. 1970ల్లో మడ్డీ, డిక్సన్ కోర్టుకెళ్లి రాజీ చేసుకుని హక్కులు వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. "మేబెలీన్" మీద రేడియోలో రికార్డులు వేసే అలన్ ఫ్రీడ్ పేరు కూడా రచయితగా ఎక్కింది, రేడియోలో పాట వేయించుకోవడానికి. ఒక్క అక్షరం రాయని మనిషి ఏళ్ల తరబడి వాటా తిన్నాడు. ఇవి తెలిసి వినాలి అనే నేనంటాను.

1969లో కంపెనీని జి.ఆర్.టి. అనే టేపుల సంస్థకి 65 లక్షల డాలర్లకు అమ్మేశారు. అదే ఏడాది అక్టోబరులో లెనార్డ్ గుండెపోటుతో పోయాడు, 52 ఏళ్లకే. కొన్నేళ్లకు అంతా చెల్లాచెదురైంది. ఆ పాటలు ఇప్పుడు యూనివర్సల్ దగ్గర ఉన్నాయి. 2120 నంబరు మేడ మాత్రం విల్లీ డిక్సన్ కుటుంబం నడిపే బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ చేతిలో ఉంది. చికాగో శివార్లలో, నేపర్‌విల్, అరోరా వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కదా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు డౌన్‌టౌన్‌కి ఎలాగూ తీసుకెళ్తారు, అక్కడి నుంచి దక్షిణానికి కొద్ది దూరమే. వెళ్లేముందు తెరిచే రోజులు చూసుకోండి.

అట్లాంటిక్, న్యూయార్క్

లెనార్డ్ అరిస్టోక్రాట్‌లో చేరిన ఏడాదే, 1947లో, న్యూయార్క్‌లో అట్లాంటిక్ మొదలైంది. అమెరికాలో టర్కీ రాయబారిగా పనిచేసిన ఆయన కొడుకు అహ్మెట్ ఎర్టెగన్, అతని స్నేహితుడు హెర్బ్ ఏబ్రమ్సన్ కలిసి, ఒక పళ్ల డాక్టరు దగ్గర 10,000 డాలర్లు తెచ్చి పెట్టిన కంపెనీ. లెనార్డ్ చెస్ కారు డిక్కీలో ప్లేట్లు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాడు, అహ్మెట్ చిన్నప్పటి నుంచి జాజ్ రికార్డులు పోగుచేసుకున్న అభిమాని. రెండు కంపెనీల శబ్దంలో తేడా ఇక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం. చెస్ పాటలో గది వినిపిస్తుంది. అట్లాంటిక్ పాటలో ఏర్పాటు వినిపిస్తుంది, ముందే రాసుకున్న బాజాలు, చదువుకున్న వాద్యకారులు, ఎక్కడ ఏది ఉండాలో అక్కడే ఉంటుంది. ఇంజినీరు టామ్ డౌడ్ కుర్రవాడిగా అణుబాంబు పథకంలో పనిచేసి వచ్చినవాడు. మొదట్లో పగలు ఆఫీసుగా వాడే గదిలోనే రాత్రి బల్లలు, కుర్చీలు పక్కకి నెట్టి రికార్డు చేసేవాళ్లు, అయినా ఆ శబ్దం అద్దంలా ఉంటుంది.

1953లో చేరిన జెర్రీ వెక్స్‌లర్ అంతకుముందు బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేసేవాడు. నల్లజాతివాళ్ల పాటల్ని "రేస్ రికార్డులు" అని పిలిచే అలవాటు మార్చి 1949లో "రిథమ్ అండ్ బ్లూస్" అన్న పేరు పెట్టింది ఆయనే.

ఇక్కడ వినాల్సినవాళ్లు ముగ్గురు. మొదట రూత్ బ్రౌన్. 1950ల మొదట్లో ఆమె పాటలు ఎంత అమ్ముడుపోయాయంటే అట్లాంటిక్‌ని "రూత్ కట్టిన ఇల్లు" అనేవాళ్లు. రెండోది రే చార్ల్స్, 1952లో అతని కాంట్రాక్టుని వేరే కంపెనీ నుంచి 2,500 డాలర్లకు కొన్నారు. చర్చి పాట కట్టుబాణీలో ప్రేమ పాట పెట్టి 1954లో "ఐ గాట్ ఎ వుమన్" చేశాడు, చాలామందికి కోపం వచ్చింది, సోల్ అనే సంగీతానికి దారి పడింది. మూడోది అరీథా ఫ్రాంక్లిన్. పెద్ద కంపెనీలో ఆరేళ్లు గడిపినా అంతగా గుర్తింపు రాని మనిషి, 1967లో అట్లాంటిక్‌కి వచ్చి తనే పియానో దగ్గర కూర్చుని పాడితే ఏమైందో లోకానికి తెలుసు.

రూత్ బ్రౌన్ గురించి ఒక్కటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ ఇల్లు కట్టిన మనిషి 1960ల్లో పిల్లల్ని పోషించుకోవడానికి ఇళ్లలో పనిచేసింది, బస్సు నడిపింది. రాయల్టీ అడిగితే, నువ్వే మాకు బాకీ అని లెక్క చూపించారు. స్టూడియో ఖర్చులన్నీ గాయకుల ఖాతాలోనే రాసేవాళ్లు కదా. ఆమె ఊరుకోలేదు, 1980లంతా పోరాడింది, చివరికి అట్లాంటిక్ పాత బాకీలు కొట్టేసి, 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్‌కి డబ్బు పెట్టింది. పాత గాయకులు చాలామందికి దానివల్ల ఆసరా దొరికింది. పాడినందుకే కాదు, ఇందుకు కూడా ఆమె పేరు గుర్తుంచుకోవాలి.

అట్లాంటిక్ ఎవరికి? పాత సినిమా పాటల్లో వాద్యబృందం కూర్పుని చెవిపెట్టి వినే అలవాటు ఉన్నవాళ్లకి, గొంతు ముఖ్యం అనుకునేవాళ్లకి. నిజాయితీగా చెప్పాలంటే ఇది బ్లూస్ కంటే రిథమ్ అండ్ బ్లూస్ కంపెనీ. గరుకుదనం కోసం వచ్చినవాళ్లకి కొంచెం మెరుగుపెట్టినట్టు అనిపించవచ్చు.

స్టాక్స్, మెంఫిస్

ఇది తర్వాతి తరం. బ్యాంకులో పనిచేస్తూ ఫిడేలు వాయించే జిమ్ స్టీవర్ట్ 1957లో శాటిలైట్ అని మొదలుపెట్టాడు. అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చింది. మూతపడిన ఒక సినిమా హాల్లో స్టూడియో పెట్టారు, మిఠాయిలు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల దుకాణం నడిపింది. 1961లో ఇద్దరి ఇంటిపేర్ల ముందు అక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు. హాలు నేల ఏటవాలుగానే ఉంచేశారు, ఆ శబ్దంలోని బరువుకి అదీ ఒక కారణమని అక్కడివాళ్లు చెబుతారు. దుకాణానికి వచ్చే పేట పిల్లలు ఏ పాటకి కాలు కదుపుతున్నారో ఎస్టెల్ చూసి లోపలికి చెప్పేది, అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది.

ఇంటి జట్టు బుకర్ టి అండ్ ది ఎమ్.జి.స్, ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు, వేరు వేరు బడులు, వేరు వేరు హోటళ్లు ఉన్న ఊళ్లో ఒకే గదిలో పని. 1962 నాటి "గ్రీన్ ఆనియన్స్" వినండి, మాటలు లేవు, ఆర్గన్ కింద గిటార్ కోతలా పడుతుంది. ఓటిస్ రెడ్డింగ్ అదే ఏడాది ఇంకో గిటారిస్టుని కారులో తీసుకొచ్చి, సాయంత్రం చివర్లో నేనూ ఒకటి పాడతాను అని అడిగి పాడాడు. 1967 డిసెంబరు 10న విమానం విస్కాన్సిన్‌లోని మోనోనా సరస్సులో కూలి పోయాడు, 26 ఏళ్లు. "డాక్ ఆఫ్ ది బే" రికార్డింగ్ అయి అప్పటికి మూడు వారాలు కూడా దాటలేదు.

1968లో ఇంకో దెబ్బ. అట్లాంటిక్ ద్వారా అమ్ముకునే ఒప్పందంలో మాస్టర్ టేపులన్నీ, అంటే అసలు రికార్డింగులన్నీ, అట్లాంటిక్‌వే అన్న మాట ఉందని అప్పుడు బయటపడింది. జిమ్ స్టీవర్ట్ ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టాడు. అదే ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని మెంఫిస్‌లోని లొరేన్ మోటల్‌లో కాల్చి చంపారు, స్టాక్స్‌వాళ్లు పాటలు రాసుకునే మోటల్ అది. అంత జరిగాక కూడా అల్ బెల్ నడిపించగా, గాయకుడు ఐజాక్ హేయ్స్‌తో మళ్లీ లేచింది, 1975 చివర్లో దివాలా తీసింది. పాత హాలుని 1989లో కూల్చేశారు, ఇప్పుడు అదే స్థలంలో మ్యూజియం ఉంది.

ఎంచుకునేవాళ్లకి దీనివల్ల ఒక చిక్కుంది. 1968 మే ముందు పాటలు వార్నర్ సంస్థ దగ్గర, ఆ తర్వాతవి కాంకార్డ్ దగ్గర ఉన్నాయి. ఓటిస్ ఒకచోట, ఐజాక్ హేయ్స్ ఇంకోచోట. "స్టాక్స్ బెస్ట్" అన్న పెట్టెలో సగం పేర్లు లేవేమిటని కంగారుపడకండి, తేదీలు చూసి కొనండి. ఇంకో మాట, ఇది బ్లూస్ కాదు, సోల్. అచ్చంగా బ్లూస్ కావాలంటే ఈ కంపెనీలో ఆల్బర్ట్ కింగ్ 1967 ఆల్బమ్ ఒక్కటి చాలు. ఎడమచేతి వాటం మనిషి, గిటార్ తలకిందులుగా పట్టి తీగల్ని కిందికి లాగేవాడు, స్వరం సాగిసాగి ఏడుస్తుంది.

వీజే

నాలుగిటిలో ఎక్కువమంది మర్చిపోయినది ఇదే, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. మిగతా మూడిటినీ మొదలుపెట్టినవాళ్లు నల్లజాతివాళ్లు కారు. ఇండియానాలోని గేరీలో రికార్డుల దుకాణం నడుపుతూ రేడియోలో పాటలు వేసే వివియన్ కార్టర్, ఆమె భర్త జేమ్స్ బ్రాకెన్, తాకట్టు దుకాణంలో 500 డాలర్లు అప్పు తెచ్చి 1953లో మొదలుపెట్టారు. వివియన్‌లో వి, జేమ్స్‌లో జే. తర్వాత చికాగోలో, చెస్ ఉన్న మిషిగన్ అవెన్యూ మీదే ఆఫీసు పెట్టారు. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే కంపెనీ రాకముందు నల్లజాతివాళ్ల చేతిలో ఉన్న కంపెనీల్లో ఇంత పెద్దది లేదు.

జిమ్మీ రీడ్ ఇక్కడివాడు. గిటార్ వాయిస్తూనే మెడకి కట్టుకున్న మౌత్ ఆర్గాన్ ఊదేవాడు. నడక ఒకటే, బద్ధకంగా, తొందరలేకుండా. పాట మాటలు మర్చిపోతుంటాడని భార్య పక్కన కూర్చుని ప్రతి చరణం ముందు అందించేది, కొన్ని రికార్డుల్లో ఆమె గొంతు వెనక సన్నగా వినిపిస్తుంది. నేను ఇయర్‌ఫోన్స్‌తో మొదటిసారి అది పట్టుకున్న రోజు ఆ పాటని వరసగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జాన్ లీ హుకర్ 1962 "బూమ్ బూమ్" కూడా వీజేదే.

1963లో బీటిల్స్ పాటల్ని అమెరికాలో వాళ్ల సొంత సంస్థే వద్దంటే వీజే తీసుకుంది. అమెరికాలో వాళ్ల మొదటి ఆల్బమ్ 1964 జనవరిలో తెచ్చింది ఈ కంపెనీయే. కానీ కేసులు పడ్డాయి, డబ్బు లెక్కల్లో గందరగోళం, 1966కల్లా దివాలా. బ్లూస్‌కి కొత్తవాళ్లలో చెస్ గరుకు భరించలేనివాళ్లకి నేను వీజేనే ఇస్తాను. కష్టపెట్టదు.

సరే, చెస్ అనుకున్నారు. ఏ ఆల్బమ్?

ఇక్కడే చాలామంది పొరపడతారు. 1950ల్లో ఇవి విడి పాటలుగా వచ్చాయి, రెండు వైపులా రెండు పాటలున్న ప్లేట్లు. తర్వాత వాటిని కలిపి ఎల్పీలు చేశారు. కాబట్టి ఆ కాలానికి "బెస్ట్ ఆఫ్" కొనడం తప్పుకాదు, అదే సరైన పని. 1958లో వచ్చిన మడ్డీ "బెస్ట్", అదే ఏడాది లిటిల్ వాల్టర్ "బెస్ట్", వుల్ఫ్‌కి 1959 నాటి "మోనిన్ ఇన్ ది మూన్‌లైట్", 1962లో అట్ట మీద ఊగే కుర్చీ ఉన్న ఆల్బమ్. ఈ నాలుగూ చాలు, ఆరు నెలలు గడుస్తాయి.

నాలుగిట్లో ఒక్కటే కొనగలిగితే? మడ్డీ అని అందరూ అంటారు. నేను కొత్తవాళ్లకి లిటిల్ వాల్టర్ చెబుతాను. వుల్ఫ్ మొదటిరోజే నచ్చేవాళ్లు తక్కువ, ఒకసారి నచ్చితే మాత్రం వదలడు. మడ్డీకి కొంచెం ఓపిక కావాలి, మాటల మీద ఆధారపడతాడు. వాల్టర్ నేరుగా చెవిలోకి వెళ్లిపోతాడు. ప్రశాంతంగా, గిటార్ తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినిపించాలంటే మడ్డీ 1964లో కరెంటు లేకుండా చేసిన "ఫోక్ సింగర్", అందులో రెండో గిటార్ కుర్రవాడు బడ్డీ గై. స్పీకర్లు బాగున్నవాళ్లు ఇది తప్పక వినాలి. ఆడగొంతు కావాలంటే ఎట్టా జేమ్స్ 1960 ఆల్బమ్ "ఎట్ లాస్ట్", ఇందులో వయొలిన్లు ఉంటాయి, బ్లూస్ వద్దనే ఇంట్లోవాళ్లు కూడా కాదనరు.

వదిలేయాల్సినవీ చెబుతాను. 1968లో రాక్ కుర్రాళ్ల కోసమని మడ్డీతో చేయించిన "ఎలక్ట్రిక్ మడ్", వుల్ఫ్‌తో అలాగే చేయించిన తర్వాతి ఆల్బమ్. వాటినీ ఇష్టపడేవాళ్లున్నారు, నేను గౌరవిస్తాను, కానీ మొదటి పరిచయానికి అవి వద్దు. వుల్ఫ్‌కే తన ఆల్బమ్ నచ్చలేదు, ఆ మాట కంపెనీ అట్ట మీదే అచ్చేసింది.

మాటలు అర్థం కావని టెన్షన్ పడేవాళ్లకి ఒక చిన్న సాయం. చాలా బ్లూస్ పాటల్లో ఒక చరణానికి మూడు పాదాలే ఉంటాయి. మొదటి పాదాన్నే రెండోసారి పాడతారు, మూడో పాదం దానికి జవాబు. మొత్తం 12 బార్లు, అంటే 12 తాళ ఆవర్తాలు. మొదటిసారి అందకపోయినా రెండోసారి అందుతుంది, అప్పటికి మూడోది ఏమంటాడో అని చెవి ఎదురుచూస్తుంది. ప్రతి పాదం తర్వాత ఖాళీ ఉంటుంది, అక్కడ గిటారో మౌత్ ఆర్గానో బదులిస్తుంది. ఆ ఖాళీలని వినడం అలవాటైతే మిగతాది దానంతటదే వస్తుంది.

కొనేటప్పుడు

ఒకసారి సెకండ్ హ్యాండ్ అమ్మే ఒకరి దగ్గర మంచి ధర పెట్టి ఒక పాత చెస్ ఎల్పీ తెప్పించుకున్నాను. అట్ట నిగనిగలాడుతోంది, పాట పెడితే గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తోంది. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. తర్వాత తెలిసింది, అట్ట మీద చిన్న అక్షరాలతో స్టీరియో కోసం ఎలక్ట్రానిక్‌గా మార్చినట్టు రాసి ఉందని. 1960ల్లో, 70ల్లో మోనో రికార్డింగులని, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేవాటిని, ఇలా రెండుగా చీల్చి, ప్రతిధ్వని కలిపి అమ్మారు. 1950ల పాటలకి ఎప్పుడూ మోనోనే అడగండి, అమ్మేవాళ్లు స్టీరియో అంటే గొప్ప అన్నట్టు చెప్పినా సరే.

పైసా పెట్టకుండా మొదలుపెట్టాలంటే స్ట్రీమింగ్ చాలు, కానీ ఒకే పాట పది పేర్లతో ఉంటుంది, అందులో కొన్ని ముసలితనంలో మళ్లీ పాడినవి. పాట పక్కన సంవత్సరం చూస్తే కొత్తగా విడుదల చేసిన ఏడాది ఉంటుంది, దాన్ని నమ్మకండి. హక్కుదారు పేరు కింద చూడండి: చెస్‌కి యూనివర్సల్, అట్లాంటిక్‌కి వార్నర్.

యూరప్ నుంచి నాలుగు ఆల్బమ్‌లు కలిపి చవకగా అమ్మే సీడీలు కనబడతాయి. అక్కడి చట్టం ప్రకారం 1963కి ముందు రికార్డింగుల మీద హక్కు తీరిపోయింది, మన దేశంలో కూడా రికార్డింగు మీద హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్లే. కాబట్టి అవి దొంగ సరుకు కాదు. అయితే చాలావాటిని మాస్టర్ టేపుల నుంచి కాక ఎక్కడో దొరికిన రికార్డుల నుంచి తీస్తారు, శబ్దం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ఇంకో సంగతి, పాట రాసినవాడి హక్కు వేరు, అది ఇంకా బతికే ఉంది. డిక్సన్ 1992 దాకా, మడ్డీ 1983 దాకా ఉన్నారు, వాళ్ల కుటుంబాలు ఉన్నాయి. ఆ హక్కుల కోసం వాళ్లు ఎంత తిరిగారో పైన చెప్పాను కదా. అందుకని రెండు వందలో మూడు వందలో ఎక్కువైనా నేను అసలు కంపెనీ ముద్రే కొంటాను.

పెట్టెలు కొనే స్తోమత ఉంటే అట్లాంటిక్‌కి 1947 నుంచి 1974 దాకా పాటలు ఏర్చికూర్చిన సంకలనం ఉంది, స్టాక్స్‌కి 1959 నుంచి 1968 దాకా విడి పాటలన్నీ ఉన్న 9 సీడీల పెట్టె ఉంది. రెండూ పాతవే, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. స్టాక్స్ పెట్టె దొరికితే బేరమాడకుండా తీసేసుకోండి. చెస్‌కి మాత్రం పెట్టె వద్దు, ఒక్కో మనిషిని విడిగా వినాలి.

ఈ రాత్రికే మొదలుపెడదామంటే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ వరసలో వినండి: "జూక్", "హూచీ కూచీ మ్యాన్", "ఐ గాట్ ఎ వుమన్", "గ్రీన్ ఆనియన్స్", తర్వాత జిమ్మీ రీడ్ 1959 నాటి "బేబీ వాట్ యు వాంట్ మి టు డు". ఈ ఆఖరిదాంట్లో అతనితో పాటు పక్క నుంచి వినిపించే ఆడగొంతు ఆయన భార్యదే.